తిప్పతీగ బస్తా

మా కొట్లో అమ్మే ప్రతి సరుకూ ముందు మా ఇంటి పొయ్యి ఎక్కాల్సిందే. కొత్త బస్తా దిగిందంటే మా ఆయన దాని మూతి విప్పి, ఒక దోసెడు పొట్లం కట్టి ఇంటికి తెచ్చేవారు. జీలకర్ర కానివ్వండి, చింతపండు కానివ్వండి, మేం నాలుగు రోజులు తిని బాగానే ఉన్నామంటేనే అది తక్కెడలోకి వెళ్ళేది. ఈ పద్ధతి ఆయన పెట్టింది కాదు, మా మామగారి నాటిది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. "ఊరికి ఆ కొట్టు దిక్కు, ఆ కొట్టుకి నా కడుపు దిక్కు" అని మా అమ్మతో అనేదాన్ని. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. మిగతా విషయాల్లో సరదా మనిషే, సరుకు దగ్గర హాస్యం పనికిరాదు.

నరసరావుపేట పాత బజారులో ఒక సందు మొగలో ఉండేది మా కొట్టు. సగం పచారీ, సగం మూలికలు. లోపలికి అడుగు పెడితే ముందు ఇంగువ తగిలేది, ఆ తర్వాత మిరియాలు, పసుపు, ఎక్కడో మూలనుంచి కచ్చూరాల వాసన. మిరప కళ్ళాల రోజుల్లో రైతులు దగ్గుకుంటూ వచ్చేవాళ్ళు. "బాబాయ్, గొంతులో కారం కూర్చుంది, ఏదన్నా ఇయ్యి" అంటే అతిమధురం ముక్క ఒకటి విరిచి చేతిలో పెట్టి, నమలమనేవారు. కడుపుబ్బరమంటే వాము. నిద్ర పట్టడం లేదంటే పాలలో చిటికెడు జాజికాయ, అంతకు మించి వద్దని రెండుసార్లు చెప్పేవారు. ఒంటికి వేడి చేసిందంటే ధనియాలు నానబోసిన నీళ్ళు. బాలింతకి శొంఠి, పిప్పళ్ళు ఆయనే దుర్గి నుంచి తెచ్చుకున్న రాతి కల్వంలో నూరి ఇచ్చేవారు. శొంఠి లేని కషాయం ఉంటుందా అని ఊరికే అనలేదు, ఆయన కొట్లో శొంఠి డబ్బా మూత పడేది కాదు.

నాది టీ ప్రాణం. చిక్కటి పాలు, రెండు చెంచాల పంచదార, దంచిన అల్లం ముక్క. ఆయన దాన్ని చూసి మొహం చిట్లించేవారు.

"అది టీ గాదే, పాయసం. దానికి బదులు ఇన్ని తులసాకులు మరిగించుకొని తాగితే ఒళ్ళు బాగుపడుద్ది."

"బాగుపడ్డ ఒళ్ళు మీకుంది గదా, ఇంటికి ఒకటి చాలు" అనేదాన్ని.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆయన ఇచ్చినవాటిలో చాలామటుకు పనిచేసేవి. నా కడుపునొప్పి వాముతోనే తగ్గేది. మా అమ్మాయి చిన్నప్పటి దగ్గులన్నీ మిరియాల పాలతోనే గడిచిపోయాయి. అవి పనిచేయకపోయి ఉంటే నమ్మడం మానేసేవాళ్ళం, ఈ కథే ఉండేది కాదు.

కరోనా వచ్చినప్పుడు బజారంతా మూతబడింది, మా కొట్టు మాత్రం తీసే ఉంచమన్నారు. అప్పటిదాకా తిప్పతీగ అంటే ఎప్పుడో ఒకరు అడిగే సరుకు. ఒక్కసారిగా ఊరందరికీ అది కావాల్సి వచ్చింది. ఫోన్లలో వీడియోలు, వీడియోల్లో కషాయాలు. వేపచెట్టు మీద పాకిన తీగయితే ఇంకా మంచిదని, పల్లెల నుంచి మోపులు మోపులుగా కోసుకొచ్చి మా అరుగు మీద వేసేవాళ్ళు. మా డాబా నిండా తిప్పతీగ ముక్కలే ఎండేవి. మా ఆయన పద్ధతి తప్పలేదు. ముందు మేమే తాగాం. నాలిక మీద వేసుకుంటే చెవుల దాకా పాకే చేదు. మా సందులో మనుషులు పోయారు, చూడ్డానికి వెళ్ళే వీలు కూడా లేకుండా పోయారు. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. "మనం బతికాం గదే" అన్నారాయన ఆ గ్లాసు వంక చూస్తూ. నేనూ నమ్మాను. ఆ రోజుల్లో బతికి ఉండటానికి ఏదో ఒక కారణం కావాలి గదా, మాకు అది దొరికింది.

కరోనా వెళ్ళిపోయాక కొట్లో అరలు మారాయి. గ్రీన్ టీ పొట్లాలొచ్చాయి, నీళ్ళలో వేస్తే నీలంగా మారే శంఖుపూల టీ, ఎండిన మందారపూల టీ వచ్చాయి. కాలేజీ పిల్లలు అడుగుతున్నారని ఆయనే తెప్పించారు, అన్నీ మాకు తాగించారు. నీలం టీ తాగిన రోజు నేను రోజంతా సిరా తాగినట్టే ఉన్నాను. ఇన్ని వచ్చినా గుమ్మం పక్కన తిప్పతీగ పొడి బస్తా మాత్రం కదల్లేదు. కషాయం అలవాటైనవాళ్ళు మానలేదు.

ఆ తర్వాత ఒక వానాకాలం ఆయనకి రక్తపరీక్షలో షుగరు తేలింది. గట్టు మీద ఉంది, ఇంకా దాటలేదు, నడవండి, ఈ చిన్న మాత్ర వేసుకోండి అన్నారు ఇక్కడి డాక్టరు. మాత్రలు సొరుగులో పడ్డాయి. మర్నాడు తెల్లవారేసరికి పొయ్యి మీద తిప్పతీగ మరుగుతోంది. షుగరుకి అదే మందని ఆయన కొట్లో ఎంతమందికి చెప్పారో. ఇప్పుడు తన ఒంటి మీదికి వచ్చింది కాబట్టి రోజూ గ్లాసెడు, ఒక్క పూట తప్పకుండా తాగారు. వంటింట్లో ఆ వాసన నా టీలోకి కూడా వచ్చేది. నాకు ఆ వాసన ఎందుకో గిట్టలేదు. అప్పుడు కారణమేమీ లేదు, ఊరికే గిట్టలేదు.

చలికాలం వచ్చేసరికి ఆయనకి అన్నం సయించడం మానేసింది. గోంగూరలో పచ్చి ఉల్లిపాయ నంజుకుని రెండోసారి పెట్టించుకునే మనిషి, కంచం పక్కకి జరిపి చెయ్యి కడిగేసుకునేవారు. "వేడి చేసింది" అన్నారు. ఒళ్ళంతా దురద అన్నారు, సబ్బు మార్చాను. కొట్లో కూర్చున్నచోటే కునుకు తీస్తున్నారని పక్క కొట్టువాళ్ళు చెబితే, వయసు మీద పడుతోందని నవ్వాం. బనీన్లకి పసుపు మరకలు. వాటిని సబ్బులో నానబెట్టి బాది బాది, ఆయన మీద విసుక్కున్నాను. పసుపు చేత్తో కొలవకండి, డబ్బా వాడండి అంటే వినరని. అరచేతులు పసుపు, గోళ్ళు పసుపు. ముప్ఫై ఏళ్ళుగా పసుపు అమ్మే మనిషి ఒళ్ళు పచ్చగా ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? వేరే ఏ ఇంట్లోనైనా వారం తిరక్కుండా కనిపెట్టేవాళ్ళు. మా ఇంట్లో ఆ రంగుకి విలువ లేదు.

కనిపెట్టింది మా వీధి చివర పాలకేంద్రం నడిపే ఆవిడ. నాకంటే చిన్నది, నన్ను వదినా అని, ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తుంది. ఒకరోజు పొద్దున్నే పాలు పోస్తూ చెయ్యి ఆపేసింది.

"వదినా, అన్నయ్య కళ్ళేంది అట్టా ఉన్నాయి? నిన్న కొట్లో చూశా. నిమ్మపండు తొక్కలాగా ఉన్నాయి."

ఇంటికొచ్చి ఆయన్ని వెలుతురులోకి లాగి చూశాను. కళ్ళలో తెలుపన్నది లేదు. వెంటనే మా తమ్ముడికి ఫోను చేశాను.

మా వైపు కామెర్లంటే ఆస్పత్రికి పోరు. కామెర్లకి ఇంగ్లీషు మందు లేదని పుట్టిన దగ్గర్నుంచి వింటాం. పసరు పోయించుకోవాలి. మా ఆయన కూడా కొట్లో ఎంతమందినో అక్కడికే పంపారు. మా తమ్ముడు కారు తీశాడు. క్రోసూరు దాటాక ఒక పల్లె, తెల్లవారకముందే అక్కడ అరుగు నిండా మనుషులు. పరగడుపున ఉండాలి, వరసలో కూర్చోవాలి, ఏ ఆకో అడక్కూడదు. అడిగితే మందు గుణం పోతుంది. పసరు పోసే పెద్దాయన చెంబులోంచి ఆకుపచ్చటి రసం మజ్జిగలో కలిపి నోట్లో పోశాడు. ఉప్పు లేదు, నూనె లేదు, మజ్జిగన్నం ఒక్కటే పత్యం అన్నాడు. మా ఆయన ఆ ఆకేదో వాసనని బట్టి కనిపెట్టాలని చూస్తున్నారు, ఆ అవస్థలో కూడా. నాకు మాత్రం ఆ అరుగు మీద కూర్చున్న అందరి కళ్ళూ ఒకే రంగులో కనపడి భయమేసింది. ఇంతమందికి ఒక్కసారే ఎక్కడినుంచి వచ్చిందీ అనుకున్నాను, అనుకుని ఊరుకున్నాను.

పసరు తాగుతూనే తిప్పతీగ కూడా తాగారు. "అది లివరుకి బలమే, దాన్నెందుకు ఆపాలి?" అన్నారు. ఇంకా మంచిదని నేల ఉసిరి కూడా దంచి కలిపారు. దురదకి తట్టుకోలేక గుమ్మానికి వీపు రుద్దుకునేవారు. ధనియాలు అడిగిన పిల్లకి మిరియాలు కట్టిచ్చారు. ఆయన చెయ్యి సరుకు పొరబడటం నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత వాంతులు మొదలయ్యాయి. కూర్చున్న మనిషి లేవలేకపోయారు. ఇక పత్యం లేదు, పసరు లేదు, మా తమ్ముడు చేతుల మీద ఎత్తి కార్లో వేసి గుంటూరు తీసుకెళ్ళాడు.

అక్కడ లివరు డాక్టరు ఒక చిన్న వయసావిడ. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది.

"ఏమీ లేదండి" అన్నారాయన.

"కషాయాలు, పొడులు, పసర్లు?"

"అయ్యి మందులు గాదుగదండి" అన్నారు.

ఆయన అబద్ధం ఆడలేదు. ఆయన లెక్కలో మందంటే మాత్ర. మిగతాదంతా వంటిల్లు. నేను ముందుకొచ్చి పొద్దున లేచింది మొదలు ఆయన గొంతులోకి ఏమేం దిగుతుందో అన్నీ చెప్పాను. చెబుతుంటే ఆవిడ రాసుకోవడం ఆపి నా వంక చూసింది. అన్నీ ఆపేయమంది. పరీక్షలు చేసింది, సూదితో లివరులోంచి చిన్న ముక్క తీసి చూసింది. మాత్రలు మొదలుపెట్టింది. మెల్లగా, చాలా మెల్లగా, ఆ కళ్ళు తెల్లబడ్డాయి. ఆయన మళ్ళీ ఇడ్లీ అడిగిన రోజు నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఇంటికి పంపేముందు ఆవిడ ఆయనకి వివరంగా చెప్పింది. తిప్పతీగ అందరికీ చెడు చెయ్యదు, ఎందరో తాగి హాయిగా ఉంటారు, కానీ కొందరి లివరు దానికి ఎదురు తిరుగుతుంది, ఎవరిదన్నది ముందుగా తెలియదు, మీది అలాంటిదే అనుకుంటున్నాను, ఇక జన్మలో ముట్టుకోవద్దు అంది. ఆయన చేతులు కట్టుకుని విన్నారు.

"ఖచ్చితంగా దానివల్లేనాండి?"

"నూటికి నూరు పాళ్ళని ఎవరూ చెప్పలేరండి. పసరు తాగారు, ఇంకేవో తాగారు. మళ్ళీ అది తాగి, మళ్ళీ ఇలాగే వస్తే, అప్పుడు అదేనని తేలుతుంది. కానీ అలా చూసే పని కాదు. రెండోసారి లివరు తట్టుకోదు."

ఆవిడ ఉన్నమాటే చెప్పింది. ఆవిడ తప్పు ఇసుమంత కూడా లేదు. కానీ ఆ మాట విన్నప్పుడు ఆయన తల కొంచెం పైకెత్తారు. కొత్త బస్తా మూతి విప్పేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలాగే ఉంది. ఎవరూ చెప్పలేరన్న దగ్గరే ఆవిడ ఊరుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

శివరాత్రికి కోటప్పకొండ వెళ్దామన్నారు. మొక్కు ఉందన్నారు. తమ్ముడు కారులో ఎంత దూరం పోనిస్తే అంత దూరం తీసుకెళ్ళి, అక్కడ నుంచి నెమ్మదిగా నడిపించాం. ప్రభల లైట్లు, మైకులు, నేల ఈనినట్టు జనం. ఆయన ప్రభల వంక చూడ్డం లేదు. ఎదురొచ్చే మొహాల్లోకి చూస్తున్నారు.

"వీళ్ళల్లో మన కొట్టు సరుకు తాగినోళ్ళు ఎంతమంది ఉంటారే?" అన్నారు.

"దణ్ణం పెట్టుకోండి ముందు" అన్నాను.

కొట్టు మళ్ళీ తీశారు. తిప్పతీగ బస్తా మూతి కట్టేసి వెనక గదిలో పెట్టారు. అడిగినవాళ్ళకి సరుకు లేదని చెప్పేవారు. పారబోయండి అని నేను రోజూ పోరాను. పారబోయలేదు. అమ్మనూ లేదు. కొట్టుకి వచ్చినవాళ్ళని ఏదో మాటల్లో పెట్టి, వాళ్ళ కళ్ళలోకి చూసేవారు. తెలిసినవాళ్ళయితే కింది రెప్ప లాగి మరీ చూసేవారు. జనం నవ్వుకున్నారు. "బాబాయ్ ఆస్పత్రికి పోయొచ్చి డాక్టరయ్యాడు" అన్నారు.

పాలకేంద్రం ఆవిడ భర్తకి షుగరు. కరోనా నాటినుంచి మా కొట్టు పొడే తాగుతున్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు. డాక్టరమ్మ అన్న మాట నేనే ఆవిడకి చెప్పి ఉన్నాను, అయినా సరుకు లేదంటే ఆవిడ ఊరుకోలేదు. కొట్టు ముందు నిలబడి నిలదీసింది.

"మీకేదో దిష్టి తగిలితే పాపం తీగనెందుకు ఆడిపోసుకుంటారన్నయ్యా? మా ఆయన చూడండి ఎట్టా ఉన్నాడో. పక్క కొట్లో ఏం కలుపుతారో తెలవదు, మీ దగ్గరయితే మాకు నమ్మకం."

ఆ రాత్రి అన్నం తింటూ ఆయన నాతో అన్నారు.

"అదేనని తెలిస్తే ఇంటింటికీ పోయి చెప్పాలి. నేనిచ్చింది పారబోయండి, నా వల్ల తప్పు జరిగింది అని చెప్పాలి. అది కాకపోతే మంచి సరుకు మీద నింద ఏసినట్టు. తెలవకుండా ఏ మొహం పెట్టుకొని కూర్చోను అక్కడ?"

"డాక్టరమ్మ చెప్పింది చాలదా?"

"నూటికి నూరని చెప్పలా గదా ఆవిడ."

ఇంకెప్పుడూ ఆ ఊసెత్తనని నా మీద ఒట్టు పెట్టించుకున్నాను. ఆయన ఒట్టేశారు. ఊసెత్తనని ఒట్టేశారు, ఎత్తలేదు కూడా.

ఎండలు ముదిరాయి. ఇంట్లో తిప్పతీగ వాసన లేదు, పొద్దున్నే నాతో పాటు పల్చటి టీ తాగుతున్నారు. నేను కుదుటపడుతున్నాను. అయినా రోజుకోసారి ఏదో వంక పెట్టుకుని ఆయన మొహం చూసేదాన్ని, బనీన్లు వెలుతురుకి పట్టి చూసేదాన్ని. ఒక వారం కంచంలో అన్నం మిగలడం మొదలైంది. ఎండలకి అందరమూ అలాగే తింటున్నాం, అనుకున్నాను. పడుకున్నచోట మోచేయి గోక్కున్నారు. చెమటకాయలు, అనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం కారియరు పంపకుండా నేనే పట్టుకెళ్ళాను. బయట ఎండ కొట్టులో సగం దాకా పడుతోంది. ఆయన ఎవరికో లవంగాలు కాగితంలో పోస్తున్నారు. నన్ను చూసి తలెత్తారు. ఆ ఎండలో ఆయన కళ్ళ కొసలు పచ్చగా కనపడ్డాయి.

వెనక గదిలోకి వెళ్ళాను. బస్తా మూతి విప్పి ఉంది. పక్కన ఒక ఫ్లాస్కు. మూత తియ్యగానే ఆ వాసన. బేరం పంపించి ఆయన లోపలికి వచ్చారు. దాచలేదు, బుకాయించలేదు.

"తెలిసింది గదే ఇప్పుడు" అన్నారు. దొరకని సరుకేదో దొరికినట్టు నెమ్మదిగా అన్నారు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఫ్లాస్కు తీసి గోడకేసి కొట్టాను. ఎవరు అడిగారు మిమ్మల్ని అన్నాను. ఊరి కోసం నన్ను ముండమోపిని చేస్తారా అన్నాను. అనకూడని మాట, అన్నాను. ఆయన గోనెసంచి మీద కూర్చుని అన్నీ విన్నారు.

"నాలుగు రోజుల్లో తేలుద్దనుకున్నా. తేల్లా. అందుకని ఇంకొన్నాళ్ళు తాగా" అన్నారు చివరికి.

తమ్ముడు వచ్చేసరికి ఆయన నడవగలుగుతూనే ఉన్నారు. కొట్టుకి తాళం ఆయనే వేశారు. ఫిరంగిపురం దాటాక ఆయన ఫోను మోగింది. నా చేతిలో ఉంది. పాలకేంద్రం ఆవిడ. తిప్పతీగ పొడి వచ్చిందేమో కనుక్కుందామని చేసిందట. నేను కట్ చేయబోతుంటే ఆయన చెయ్యి చాపారు.

"రాలేదమ్మా. ఇంక రాదు" అన్నారు. "ఇంట్లో ఉన్నది గూడా పారబొయ్యి. మీ ఆయన్ని తాగనియ్యొద్దు. నేను తాగి చూశా."

ఫోను నాకిచ్చి, ఇంకా ఎవరెవరికి చెప్పాలో ఒక్కొక్క ఇంటి గుర్తూ చెబుతూ గుంటూరు దాకా వచ్చారు. ఆ డాక్టరమ్మ ఆయన కింది రెప్ప లాగి చూసింది. నా వంక చూసి తల దించుకుంది. మాత్రలు ఈసారి పనిచేయలేదు. కడుపు నీరు పట్టింది, మాట తడబడింది, మనుషుల్ని పోల్చుకోవడం పోయింది. మా అమ్మాయి వచ్చి నాన్నా అంటే, ఏం కావాలమ్మా, ఎంత కట్టమంటావు అని అడిగారు. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు. మా ఆయన మళ్ళీ కొట్టు మెట్టు ఎక్కలేదు.

పెద్దకర్మ నాడు ఇంటి నిండా జనం. అందరికీ ఆయన మంచి చేసిన మనిషే, అందరూ ఏడ్చారు. ఏడుస్తూ అందరూ ఒకే మాట అన్నారు. ఇంగ్లీషు మందుల వేడికి లివరు కాలిపోయింది. పసరు మధ్యలో ఆపకుండా ఉంటే బతికేవాడు. ఆ ముక్క తీయడమే కొంప ముంచింది, లోపల గాలి తగిలింది. నేను లేచి నిలబడి, కాదు, తిప్పతీగ వల్ల, ఆయనే తాగి చూసి చెప్పారు అన్నాను. గట్టిగానే అన్నాను. ఎవరో ముసలావిడ నా భుజం పట్టి కూర్చోబెట్టింది. "దుఃఖంలో ఉంది, మాట్లాడియ్యొద్దు" అంది.

అయినా తర్వాత నేను ఇళ్ళ వెంట తిరిగాను. కార్లో ఆయన చెప్పిన గుర్తులన్నీ గుర్తున్నంతవరకు తిరిగాను. కూర్చోబెట్టారు, కాఫీ ఇచ్చారు, ఆయన గుణాలు తలుచుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఒకరిద్దరు పారబోస్తామన్నారు. పారబోశారో లేదో నాకు తెలియదు.

పాలకేంద్రం ఆవిడ కూడా వచ్చి నా చేతులు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపులో అబద్ధం లేదు. ఏడుపు తగ్గాక, కొంగుతో మొహం తుడుచుకుని మెల్లగా అడిగింది.

"వదినా, ఆ బస్తా కొట్లోనే ఉందా? మా ఆయనకి అయిపోయింది."

"ఆయన నీకు ఫోన్లో చెప్పారు గదా."

"పాపం, ఒంట్లో బాగలేనప్పుడు ఏందేందో మాట్లాడాడు అన్నయ్య. అయ్యన్నీ పట్టించుకుంటామా."

బస్తా లేదని, కాలవలో పోశానని చెప్పాను. ఆవిడ చేతులు నా చేతుల్లోంచి జారాయి. నా వంక చూసిన చూపు ఇంకా నాకు గుర్తుంది. నిజంగా బాధపడింది.

"ఎంత పాపం చేశావు వదినా. ఎంతమందికి పనికొచ్చేదో."

కొట్టు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. మూలికలు తీసేశాను, పప్పులు, ఉప్పులు ఉంచాను. ఆవిడ పక్క బజారునుంచి పొడి తెప్పించుకుంటోందని తెలుసు. రోజూ పొద్దున పాలకి వెళ్తాను. గల్లా దగ్గర ఆవిడ భర్త కూర్చుని ఉంటాడు, పక్కన స్టీలు గ్లాసు. "బాగున్నావా అక్కా" అని పలకరిస్తాడు. జవాబు చెప్పేలోగా నేను ఆయన కళ్ళ వంక చూస్తాను. ఇవాళ్టికి తెల్లగానే ఉన్నాయి.